సున్నా నొక్కితే లైను

రాజమండ్రిలో రొయ్యల మేత అమ్మే ఒక ఆఫీసులో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, బయటికి ఫోన్ చేసుకోవాలంటే ఆపరేటర్ గారి దయ ఉండాలి. ఆఫీసులో ఆరు ఫోన్లు, బయటికి పోయే లైన్లు రెండు. ఎవరు రిసీవర్ ఎత్తినా అది ఆవిడ దగ్గర మోగేది. "చెప్పండి, ఎవరు కావాలండి?" అనేవారు. నంబరు చెబితే కలిపిచ్చేవారు. నలభై దాటిన మనిషి, పదేళ్ళుగా అదే కుర్చీ. గొంతు మాత్రం ఎప్పుడూ పెళ్ళికి పిలుస్తున్నట్టుండేది.

మాకు మేత పంపే మద్రాసు కంపెనీ వాళ్ళు ఆర్డర్లు ఇక ఈ-మెయిల్లోనే పంపమన్నారు. ఓనరు గారు కంప్యూటర్ని ఫోన్ లైనుకి కలిపే మోడెం కొన్నారు. మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేశానని ఉద్యోగంలో చేరేటప్పుడు గొప్పగా చెప్పుకున్న పాపానికి దాన్ని నాకు అప్పగించారు.

నా బల్ల మీది ఫోన్ వైరు పీకి మోడెంకి గుచ్చి, కనెక్ట్ నొక్కాను. మోడెంలో చిన్న స్పీకరుంటుంది. అందులోంచి ఆపరేటర్ గారు, "చెప్పండి, ఎవరు కావాలండి?" అన్నారు. మోడెం జవాబివ్వలేదు. "హలో, ఎవరండీ?" అన్నారు. డయల్ టోన్ లేదని కంప్యూటర్ చూపించింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆవిడే.

రెండు రోజులు ఇదే వరస. మూడో రోజు ఆవిడ కుర్చీ నా వైపు తిప్పి, "ఏంటండి బాబూ, మీ ఫోన్లోంచి ఎవరో ఎత్తుతున్నారు, మాట్లాడట్లేదు" అన్నారు.

"మిషనండి."

"మిషనైతే మాత్రం, అడక్కుండా లైనెలా ఇస్తానండి?"

అందులో నాకు తప్పేం కనిపించలేదు.

ఓనరు గారికి నా కోర్సు మీద నమ్మకం సడలుతోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. చివరికి గట్టెక్కించింది ఆవిడే. ఆఫీసు ఫోన్లన్నిటినీ లైన్లకి కలిపే పెట్టె బిగించినప్పుడు మెకానిక్ చేసిందంతా పక్కన నిలబడి చూశారట. తన ఫోన్లో ఏవో అంకెలు నొక్కి, "మీకు సున్నా తెరిచానండి. సున్నా కొడితే నేరుగా లైనొస్తుంది. కొట్టాక ఒక్క క్షణం ఆగమనండి దాన్ని" అన్నారు. నంబరు ముందు సున్నా, దాని పక్కన కామా పెట్టాను. మోడెం లెక్కలో కామా అంటే ఆగడం. మోడెం కీచుమంది, ఆర్డరు మద్రాసు వెళ్ళింది.

ఓనరు గారు నన్ను మెచ్చుకున్నారు. నేను ఆవిడ ఊసెత్తలేదు. సున్నా సంగతి మాత్రం చెప్పాను. ఆయన ఆవిడతో, "అయితే అందరికీ తెరిచెయ్యండమ్మా" అన్నారు. ఆవిడే ఒక్కొక్క ఫోనూ తెరిచారు.

మర్నాటి నుంచి ఎవరి ఫోను వాళ్ళే చేసుకున్నారు. వారం తర్వాత ఆవిడ నా దగ్గరికొచ్చి, "ఆ మెయిల్ పంపడం నాకూ నేర్పుతారాండి? ఖాళీగా కూచుంటే ఓనరు గారు చూస్తున్నారు. ఎన్నాళ్ళుంచుతారో ఏంటో" అన్నారు.

"చాలా కష్టమండి" అన్నాను.

కష్టం కాదు. రెండు బటన్లు. ఆ పని తెలిసినవాణ్ణి ఆఫీసులో నేనొక్కణ్ణే కావడం నాకు బాగుంది, అంతే. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

నెలాఖరుకి ఆవిణ్ణి మానెయ్యమన్నారు. వెళ్ళేముందు నా బల్ల దగ్గర ఆగారు.

"వానాకాలం రెండో లైను గరగరలాడుద్దండి. పెట్టె వెనక వైరు కాస్త లోపలికి నొక్కితే సరిపోద్ది. ఇక్కడెవరికీ తెలీదు, మీకు చెప్పి వెళ్దామని."

నన్ను పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి ఆ వైరు చూపించారు కూడా. నిమిషం పట్టలేదు.