పెద్దల పళ్ళెంలో చెయ్యి

ఈస్లిన్ కజోకు సముద్రం ఏనాడూ కడుపులో తిప్పలేదు. మనుషులే తిప్పారు.

పదిహేనేళ్ళు ఆమె అద్దె పడవ మీద వంటమనిషి. గ్రెనడా దీవి పెద్ద రేవులో యాత్రికులను ఎక్కించుకుని, ఉత్తరాన చెల్లాచెదురుగా ఉన్న చిన్న దీవులన్నీ వారం రోజులు తిప్పి, తిరిగి అదే రేవులో దింపే తెరచాప పడవ అది. నడిపేవాడు ఆమె పిన్ని కొడుకు రాల్‌స్టన్. వంట, గిన్నెలు, పక్కబట్టలు, మరుగుదొడ్డి గొట్టంలో ఏదైనా ఇరుక్కుంటే చెయ్యి పెట్టి లాగడం, ఇవన్నీ ఈస్లిన్ వంతు. ఏం ఇరుక్కునేదో ఎవరైనా అడిగితే, "వద్దులే, నువ్వింకా తినాలి," అనేది.

ఆమె పుట్టింది క్యారియకూ దీవిలో, బెల్మాంట్ కొండమీది ఊళ్ళో. ఆ దీవికి ఏరు లేదు, వాగు లేదు. ఇంటి కప్పుమీద పడిన వానను తొట్టిలోకి పట్టి దాంతోనే ఏడాదంతా నెట్టుకు రావాలి. తల్లి డోర్కస్ ఒక్క చెంబు నీళ్ళతో ముగ్గురు పిల్లల మొహాలు కడిగి, ఆ నీళ్ళే మిరప మొక్కకు పోసేది. అయినా ఆ ఇంట్లో ఎక్కడా మరకన్నది కనబడేది కాదు. కూరగిన్నెలో గరిటె తప్ప ఇంకేదీ దిగకూడదు. ఒకరు కొరికింది ఇంకొకరు ముట్టకూడదు.

అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి పడవ మీద రోజూ చూసిందేమిటంటే, పూటకో మంచినీళ్ళ స్నానం చేసి తడి లోదుస్తులు వంటగది కిటికీకి ఆరేసే ఆడవాళ్ళను, తినే బల్లమీద పాదం పెట్టి గోళ్ళు తీసుకునే మగవాళ్ళను, ఉడుకుతున్న కూరలో చెంచా ముంచి, నాకి, మళ్ళీ అదే చెంచా ముంచే పెద్దమనుషులను. అలా ముంచిన రోజున ఆమె ఆ కూర ముట్టేది కాదు. ఉత్త రొట్టె తిని పడుకునేది.

"నీకు మరీ చాదస్తమక్కా," అనేవాడు రాల్‌స్టన్. "డబ్బిచ్చినోళ్ళు. నాకితే నాకారు, పోనీద్దూ."

"నాకనీ. నీ మొహం నాకలేదు, సంతోషించు."

డోర్కస్ పోయి అప్పటికి ఆరేళ్ళయింది. ఆ దీవిలో మనిషిని పూడ్చినంత మాత్రాన చావు పూర్తయినట్టు కాదు. పేరు చెక్కిన రాయి సమాధి మీద నిలబెట్టాలి. ఆ రాయిని ముందు ఇంటికి తెచ్చి, నీళ్ళతో, రమ్‌తో తడిపి, ఊరందరికీ భోజనాలు పెట్టాలి. అన్నిటికన్నా ముందు, పొయ్యి మీంచి దిగిన మొదటి తిండి లోపలి గదిలో తెల్లగుడ్డ పరిచిన బల్లమీద పోయినవాళ్ళకు పెట్టాలి. అందులో ఉప్పు వెయ్యరు. వాళ్ళు తినేదాకా బతికున్న చెయ్యేదీ దాన్ని ముట్టదు. పెద్దల పళ్ళెం అంటే అదీ.

రాయికి ఆలస్యమైతే పోయినవాళ్ళు ఊరుకోరు. డోర్కస్ రెండుసార్లు కలలోకి వచ్చింది. "ఏమే, నా నెత్తిమీద ఎండ మాడుస్తోంది. నీకేం పట్టదా?" అని నిలదీసింది. ఆ కలలు వచ్చిన ఏడాదే ఈస్లిన్ రాయి చెక్కించింది. ఈస్టర్ తర్వాతి శనివారం అనుకున్నారు. తీరా చూస్తే ఆ వారమే పడవకు గిరాకీ తగిలింది.

"ఇప్పుడు వేరే వంటమనిషిని ఎక్కడ తేనక్కా?" అని బతిమాలాడు రాల్‌స్టన్. "శనివారం పొద్దుటికి పడవ మన దీవిలో, టిరెల్ బే రేవులోనే లంగరేసి ఉంటుంది. నువ్వు తెల్లారగానే దిగిపో. మధ్యాహ్నం నేనూ వస్తా. ఆవిడ నాకూ పెద్దమ్మే కదా!"

నిజమే కదా అనుకుంది ఈస్లిన్.

ఆ వారం పడవెక్కినవాళ్ళు ఇద్దరే, ట్రెవర్, ఫెలిసిటీ అనే ఇంగ్లండు దంపతులు. ఫెలిసిటీ మొదటి రెండు రోజులూ బకెట్టు వదల్లేదు. తలుపవతల భార్య వాంతి చేసుకుంటుంటేనే ట్రెవర్ ఫ్రిజ్ తెరిచి చేతికందింది తినేవాడు. సగం తిని మళ్ళీ లోపల పెట్టేవాడు. ఒకసారి మామిడిపండు ముక్క పంటి గాట్లతో వెన్న డబ్బాలో దొరికింది. ఏ దీవి కనిపించినా, "ఆహా, ఎంత ముచ్చటగా ఉందో!" అని గట్టిగా అనేవాడు. ఆ ముచ్చటైన నీళ్ళలోకే ఆలివ్ గింజలు తుపుక్కున ఉమ్మేవాడు.

శనివారం తెల్లవారగానే ఈస్లిన్ ఒడ్డు చేరి కొండెక్కింది. అప్పటికే పెరట్లో రాళ్ళ పొయ్యిలమీద డేగిసాలు ఎక్కి ఉన్నాయి. మేక కూర, కోడి, కందులు వేసిన అన్నం. మొక్కజొన్న సంకటిని తెడ్డుతో కలియదిప్పుతూ ఆడవాళ్ళు చెమటలు కక్కుతున్నారు. చెట్టుకింద డోళ్ళవాళ్ళు తోళ్ళు ఎండబెట్టుకుంటున్నారు. పడవ కంపు ఆమె ఒంటిమీంచి మెల్లగా దిగిపోయింది.

పిన్ని ఎవెల్డా, అంటే రాల్‌స్టన్ తల్లి, తన చేత్తోనే అక్కకు పళ్ళెం పెట్టింది. కోడికాలు, సంకటి ముద్ద, మేకకూర, అన్నం, ఒక గ్లాసులో నీళ్ళు, ఒక గ్లాసులో రమ్, పక్కన కొవ్వొత్తి. తర్వాత గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

"లోపలికి పోవాలంటే నన్ను దాటిపోవాలి," అంది.

"నిన్ను దాటాలంటే నిచ్చెన కావాలి పిన్నీ," అంది ఈస్లిన్. ముసలావిడ పొట్ట కదిలేలా నవ్వింది.

మధ్యాహ్నానికి రాల్‌స్టన్ వచ్చాడు. వెనకాల ట్రెవర్, ఫెలిసిటీ. ట్రెవర్ ఈతకు దిగి అలాగే వచ్చినట్టున్నాడు, తడి నిక్కరు, చొక్కా భుజం మీద. ఆ రోజున తిండికి వచ్చినవాణ్ణి పొమ్మనే ఆనవాయితీ ఆ ఊళ్ళో లేదు. అందుకని ఈస్లిన్ ఇద్దరికీ వడ్డించింది.

ఫెలిసిటీ పళ్ళెం అందుకుంటూ మనస్ఫూర్తిగా నవ్వింది. "మా కోసం ఊరంతా కలిసి ఇంత వేడుక చేస్తారనుకోలేదమ్మా. దీనికని మీ కెప్టెన్ విడిగా డబ్బు కట్టించుకుంటే ఎందుకో అనుకున్నాను గానీ, కట్టినందుకు బాధ లేదు."

ఈస్లిన్ చేతిలో గరిటె ఆగిపోయింది. రాల్‌స్టన్ ఎన్నడూ డోలు చూడనివాడిలా డోళ్ళను పరీక్షగా చూస్తున్నాడు. ఆమె వెళ్ళి వాడి మోచెయ్యి పట్టుకుంది.

"మీ పెద్దమ్మ చావుకు టికెట్టు పెట్టావురా?"

"మెల్లగా అక్కా, వింటారు. కాసేపు చూసి పోతారు. ఎవరికేం నష్టం చెప్పు?"

ఇంతలో రాయి తడపడానికి రమ్మని కేకేశారు. ఇంటి ఆడపడుచు లేకుండా అది కాదు. ఎవెల్డా కూడా పీటమీంచి లేచి వచ్చింది. ఈస్లిన్ రాయిమీద నీళ్ళు పోసింది, రమ్ పోసింది. తల్లి పేరులోని గాడుల్లోకి తడి పాకుతుంటే ఆమెకు కోపం కాసేపు మరుపున పడింది. డోళ్ళు మోగాయి. ముసలమ్మలు పాట ఎత్తుకున్నారు. రాయి తుడవడానికి కొత్త తువ్వాలు లోపల మరిచిపోయారని ఆమే పరుగున ఇంట్లోకి వెళ్ళింది.

లోపలి గదిలో డోర్కస్ మంచం మీద ట్రెవర్ కూర్చుని ఉన్నాడు. తడి నిక్కరు కింద తెల్ల దుప్పటి నానిపోయి ఉంది. రమ్ గ్లాసు ఖాళీ. సంకటి ముద్దకు బొటనవేలితో పొడిచిన గుంట. చేతిలో కోడికాలి ఎముక, దానికి ఇంకా కొంచెం తోలు వేలాడుతోంది.

"ఓ, ఈస్లిన్! మరుగుదొడ్డి ఎక్కడా అని వెతుక్కుంటూ వచ్చాను. ఇది మా కోసం విడిగా పెట్టిందేనా? కోడి బాగుంది గానీ, ఉప్పు వెయ్యడం మరిచిపోయారు."

అని వేళ్ళు నాక్కున్నాడు. ఒక్కొక్కటీ, మొదటి నుంచి చివరిదాకా, చప్పుడు చేస్తూ.

ఈస్లిన్ కిటికీ దాకా వెళ్ళింది. రెండు చేతులతో చట్రం పట్టుకుని, పొద్దున తాగిన టీతో సహా బయటికి కక్కేసింది.

అది చూసి పెరట్లో పాట ఆగింది. తర్వాత డోళ్ళు ఆగాయి. రాల్‌స్టన్ పరుగెత్తుకొచ్చాడు. పళ్ళెం చూశాడు, ఎముక చూశాడు, మొహాన నవ్వు పులుముకున్నాడు.

"సరేలే అక్కా. తిండే కదా! ఇంకో ముక్క పెడితే పోయె. చచ్చినోళ్ళు లేచొచ్చి లెక్క చూసుకుంటారా?"

ట్రెవర్ తిన్నదానికన్నా ఈ మాటకు ఆమెకు ఎక్కువ రోత కలిగింది. అతను ఎరగక తిన్నాడు. వీడు ఈ పెరట్లో పుట్టి, డోర్కస్ చేతి ముద్దలు తిని పెరిగినవాడు.

ఎవెల్డా గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు మాట ఆమె చెవిన పడింది. అరుస్తుందనుకున్నారు అందరూ. అరవలేదు.

"లే బాబూ," అంది ట్రెవర్‌తో. "అది మా అక్క మంచం."

అప్పటికి అతనికి ఎంతో కొంత అర్థమైంది. మొహం ఉడికిన పీతలా ఎర్రబడింది. లేచి, తడి జేబులోంచి డాలర్ నోటు ఒకటి లాగి, తెల్లగుడ్డ మీద ఎముక పక్కన పెట్టాడు. చూస్తున్నవాళ్ళలో ఎవరో "ఛీ" అన్నారు. ఎవెల్డా చచ్చిన బల్లిని తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఆ నోటెత్తి, కొడుకు చొక్కా జేబులో కుక్కింది.

"నీదేరా. దాచుకో. ఇప్పుడు వెళ్ళి కోడిని పట్టుకో."

"అమ్మా, నేను పడవ దగ్గరికి..."

"కోడిని పట్టుకోమన్నాను. నువ్వే కొయ్యాలి, నువ్వే పీకాలి, నువ్వే వండాలి. మా అక్క ముందు తినేదాకా ఈ పెరట్లో ఎవరూ మెతుకు ముట్టరు."

ఎవరూ ముట్టలేదు. వడ్డించిన పళ్ళాలు ఒడిలో పెట్టుకుని ఊరు ఊరంతా కూర్చుంది. తెల్ల చొక్కా తొడుక్కున్న కెప్టెన్ రాల్‌స్టన్ మోకాళ్ళ మధ్య కోడిని పెట్టుకుని ఈకలు పీకుతుంటే ముసలి డోలువాడు గట్టిగా అడిగాడు:

"ఏరా కెప్టెనూ, ఇది చూసినందుకు మేమెంత కట్టాలి?"

ఒకళ్ళిద్దరు నవ్వారు. రాల్‌స్టన్ ఇంకో గుప్పెడు ఈకలు పీకాడు.

ఫెలిసిటీ మంచం మీది దుప్పటి తీసి మడత పెడుతోంది. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి. "నిజంగా మాకు తెలీదమ్మా. అతను చెప్పింది వేరు. ఇది నేను తీసుకెళ్ళి ఉతికి పంపుతాను," అంది.

ఈస్లిన్ దుప్పటి లాగేసుకుంది. ఈ మనిషి తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. అయినా ఆ చెయ్యి తగలగానే ఒళ్ళు జలదరించింది.

"వద్దు. మీ ఆయన్ని తీసుకుని కిందికి దిగండి. చాలు."

పొద్దు వాలేవేళకు కొత్త పళ్ళెం లోపలికి వెళ్ళింది. తర్వాత ఊరు తిన్నది, ఆడింది, పాడింది. డోర్కస్ రాయి నిలబడింది. ఈస్లిన్ మాత్రం నోట్లో మెతుకు పెట్టుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున ఒక చేపలవాడి పడవలో వెళ్ళి, తన కత్తులు తెచ్చుకోవడానికి అద్దె పడవెక్కింది. ట్రెవర్ మొహం మీద టోపీ వేసుకుని నిద్ర నటిస్తున్నాడు. వంటగదిలో రాల్‌స్టన్ మాడిన గుడ్లు గీకుతున్నాడు.

"వచ్చావా అక్కా! బతికించావు. కాస్త కాఫీ పెట్టు, వాళ్ళు నిన్నటి నుంచీ..."

ఆమె కత్తులు తువ్వాల్లో చుడుతోంది.

"ఏంటిది? మధ్యలో వదిలేసి పోతావా? ఎవరు వండుతారు?"

"నిన్న కోడి బాగానే వండావుగా."

"తప్పయిపోయిందక్కా. ఇంకా ఏం చెయ్యమంటావు? కాళ్ళమీద పడాలా?"

"పడకు," అంది ఈస్లిన్. "ఆ చేతులతో నా కాళ్ళు ముట్టుకోకు."

మళ్ళీ ఆమె ఏ అద్దె పడవా ఎక్కలేదు. ఇప్పుడు తన దీవిలోనే, హిల్స్‌బరో రేవుకట్ట దగ్గర చేపల పులుసు, వేయించిన రొట్టె అమ్ముతుంది. కోడి మాత్రం వండదు. అడిగినవాళ్ళకు లేదని చెబుతుందే గానీ, ఎందుకు లేదో చెప్పదు. యాత్రికులు వచ్చినా వడ్డిస్తుంది. వాళ్ళమీద ఆమెకు పగేమీ లేదు, ఎదురుగా తింటుంటే మొహం అటు తిప్పుకుంటుంది, అంతే.

రాల్‌స్టన్ రెండు వారాలకోసారి అదే పడవతో వస్తుంటాడు. ఎవెల్డా కొడుకుని పెరటి మెట్టు మీదే కూర్చోబెట్టి అన్నం పెడుతుంది, లోపలికి రానివ్వదు. అక్కడి నుంచి వాడు రేవుకట్ట దగ్గరికి వచ్చి అందరితో పాటు వరుసలో నిలబడతాడు. ఈస్లిన్ అందరికీ పోసినట్టే కాగితం గ్లాసులో పులుసు పోసి ఇస్తుంది. తమ్ముడూ అని పిలవదు. పక్కన కొబ్బరినీళ్ళు అమ్మే ఆవిడ చూసి చూసి ఒకరోజు అడిగింది.

"ఎన్నాళ్ళే ఈ పంతం? రక్తసంబంధం కదా!"

"రక్తసంబంధం గనకే ఆ పులుసైనా పోస్తున్నాను," అంది ఈస్లిన్. చేతులు కడుక్కుని, "తర్వాత ఎవరండీ?" అని కేకేసింది.