ట్యాంకులు కనబడని రోజు

ఊలీపీకా గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నావల్ల కాదు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. పలకరిస్తే పుల్ల విరిచినట్టు జవాబిస్తుంది. ఇంటికి పిలిచి టీ ఇస్తే చల్లారిపోయిందంటుంది. అయినా ఆవిడ సంగతి చెప్పాల్సింది నేనే. ఊరు మొత్తం ఆవిడని అసహ్యించుకోవడంలో నా చెయ్యి ఎంతుందో నాకు తెలుసు కాబట్టి.

ఉత్తరపు కొసన, మంచు సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరికి ఆవిడ వచ్చి ఆరేళ్ళు. విమానాల రేడియో గదిలో ఉద్యోగం. గంటగంటకీ బయటికి వచ్చి గాలి ఎటు నుంచి, మబ్బు ఎంత ఎత్తున, ఎంత దూరం కనబడుతోంది అని చూసి, రాసుకుని, పైలట్లకి చెప్పాలి. దూరానికి ఎవరి గుర్తులు వాళ్ళకుంటాయి. మా దగ్గర చర్చి మీది సిలువ కనబడితే మైలు. చమురు ట్యాంకులు కనబడితే అర మైలు. ట్యాంకులు కూడా కనబడకపోతే విమానం దిగే ప్రయత్నమే చెయ్యకూడదు, పైలట్ ఎంత మొనగాడైనా సరే. నేను అక్కడే రన్‌వే మీద మంచు తోసే బండి నడుపుతాను. మా ఊరికి రోడ్డు లేదు. పాలు, మందులు, ప్రసవానికి పోయిన ఆడవాళ్ళు, శవాలు, అన్నీ ఆ గులకరాళ్ళ రన్‌వే మీద దిగాల్సిందే.

ఆవిడకి ముందు ఆ పని చేసింది మా బావ పాలికార్ప్. మనసున్న మనిషి. ఊళ్ళో ఆడే బింగో పందేలకి బహుమతులు వచ్చే రోజైతే చాలు, ఎంత పొగమంచులోనైనా మా బావకి ట్యాంకులు కనబడేవి. ఒకసారి విమానం చక్రం రన్‌వే అంచు దాటి పక్కనున్న బురదలో కూరుకుపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ దక్షిణాన పట్నం నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చి, కాగితాలు తిరగేసి, మా బావని ఇంటికి పంపేశారు. ఆ ఉద్యోగం మా మరదలికి వస్తుందని అందరం కాచుకుని కూర్చున్నాం. వాళ్ళేమో నీళ్ళకి అవతల ఉన్న బాఫిన్ దీవి నుంచి ఈవిడని తెచ్చి కూర్చోబెట్టారు.

మా మనుషుల్లో మనిషే అనుకోండి, కానీ మాట వేరు. ప్రతి మాటనీ సాగదీసి చివర ఒక తోక తగిలిస్తుంది. దుకాణంలో ఆవిడ వెనక నిలబడి మా ఆడవాళ్ళు ఆ తోకలు పెట్టి మాట్లాడి పకపకా నవ్వేవాళ్ళు. ఆవిడ వెనక్కి తిరిగేది కాదు.

వచ్చిన మొదటి చలికాలమే క్రిస్మస్ విమానాన్ని వెనక్కి తిప్పింది. పిల్లల బొమ్మలు, కమలాపళ్ళు, ముసలివాళ్ళకి పంచే మాంసం, అన్నీ మా నెత్తి మీదినుంచే రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయాయి. మర్నాడు ఊరి రేడియోకి లియోనీ పిన్ని ఫోను చేసింది. ఊళ్ళో ఎవరికేం చెప్పుకోవాలన్నా ఆ రేడియోలోనే కదా.

"అందరూ తలా ఒక డాలరు వేసుకుందామర్రా," అంది. "ఆ దొరసానికి కళ్ళద్దాలు కొనిపెడదాం. లేకపోతే వచ్చే క్రిస్మస్‌కి చర్చి కూడా కనబడదు."

ఊరంతా విరగబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఆవిడ పేరు పొగమంచు దొరసాని.

దుకాణంలో మా బావ ఎదురుపడి, "ఏం దొరసానీ, ఇవాళ మాకు ఆకాశం ఉందా, తీసి దాచేశావా?" అన్నాడు.

"ఆకాశం బాగానే ఉంది. మబ్బంతా నీ బుర్రలో ఉంది," అందావిడ. రొట్టె పిండి సంచీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

అలాంటి నోరు పెట్టుకుని ఒక్కర్తీ బతుకుతానంటే ఊరు ఊరుకుంటుందా? నీళ్ళ ట్యాంకరు వాడు వారానికోసారి ఆవిడ ఇల్లు 'మర్చిపోయేవాడు'. తెల్ల తిమింగలాన్ని ఒడ్డుకి లాగినప్పుడు, "రండి, అందరికీ మక్తాక్ ఉంది, కత్తులు తెచ్చుకోండి," అని రేడియోలో పిలిచి, "పొగమంచు తినేవాళ్ళకి తిమింగలం కొవ్వు అరగదు, వాళ్ళు రానక్కర్లేదు," అని చివర కలిపేవాళ్ళు. వేటలో దొరికింది నలుగురికీ పెట్టకుండా తిన్నవాడు మా ఊళ్ళో ఎప్పుడూ లేడు. ఆవిడకి మాత్రం పెట్టలేదు. ఆవిడ చెరువు మీద మంచుకి కన్నం పెట్టుకుని, ఒక్కర్తీ కూర్చుని చేపలు పట్టుకునేది.

అప్పటిదాకా నేను నవ్వేవాళ్ళలో ఒకణ్ణి, అంతే. మూడో ఏడు అక్టోబరులో మా అమ్మ వంతు వచ్చింది.

మా అమ్మ నివియాక్‌ని దక్షిణాన పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి మూడు నెలలైంది. ఇంక చేసేదేం లేదని డాక్టర్లు తేల్చేశారు. ఫోనులో అమ్మ ఒకటే మాట: "ఇక్కడ గోడలన్నీ ఒకేలా ఉన్నాయిరా. నన్ను ఇంటికి తీసుకుపో. మన చెరువు చేప ఒక్క ముక్క, గడ్డకట్టింది, పచ్చిది, నాలుక మీద పెట్టు. తర్వాత పోతే పోతాను." సరేనని పంపించారు. మధ్యలో ఉన్న పెద్ద ఊళ్ళో విమానం మారి, మధ్యాహ్నం మా ఊరికి రావాలి.

పొద్దున్నుంచీ పొగమంచు. దానికి తోడు పిండిలాంటి మంచు. సగం ఊరు విమానాల గది ముందు నిలబడింది. నేను బండి ఆపి వాళ్ళతో నిలబడ్డాను. విమానం చప్పుడు నెత్తి మీద తిరుగుతోంది. అందులో మా అమ్మ ఉంది. అంత దగ్గర.

ఊలీపీకా బయటికి వచ్చి ట్యాంకుల వైపు చూసింది.

"అమ్మ ఉంది అందులో," అన్నాను.

"తెలుసు."

"ఒక్కసారి అర మైలని చెప్పు. కిందికొస్తే పైలట్ చూసుకుంటాడు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ట్యాంకులు కనబడ్డం లేదు బర్నబే." ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండటం నేను అప్పుడే విన్నాను. తర్వాత నా వైపు తిరిగి, "నీకు కనబడుతున్నాయా?" అంది.

ఊళ్ళో కళ్ళంటే నా కళ్ళే. మూడు మైళ్ళ అవతల కారిబూ జింక మగదో ఆడదో చెప్తాను. అలల మధ్య సీలు తల అందరికంటే ముందు నాకే కనబడుతుంది. ఆవిడకీ తెలుసు, అందుకే అడిగింది. నేను చూశాను. తెలుపు తప్ప ఏమీ లేదు. ట్యాంకులు కాదు గదా, వాటికి ఇటువైపున్న కంచె కూడా లేదు. వెనక మా ఆవిడ ఉంది, పాలికార్ప్ బావ ఉన్నాడు, లియోనీ పిన్ని జపమాల తిప్పుతోంది. మా దగ్గర అవునంటే కనుబొమ్మలు పైకెత్తడం, కాదంటే ముక్కు చిట్లించడం. నోరు విప్పక్కర్లేదు.

కనుబొమ్మలు ఎత్తాను.

"చూశావా! బర్నబేకి కనబడ్డాయి!" అని అరిచాడు మా బావ.

ఊలీపీకా నా మొహం వైపు చాలాసేపు చూసింది. చేతితొడుగు వెనక వైపుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ట్యాంకుల వైపు చూసింది. "నాకు కనబడ్డం లేదు. నేను చూసిందే నేను రాయాలి," అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆ చప్పుడు దూరమైపోయింది.

పొగమంచు నాలుగు రోజులు విడవలేదు. మూడో రోజున అమ్మ పెద్ద ఊరి ఆసుపత్రిలో, ఎవరిదో మంచం మీద పోయింది. అయిదో రోజున పెట్టెలో వచ్చింది.

"బర్నబే చూశాడట. ట్యాంకులు స్పష్టంగా ఉన్నాయట. అయినా దించలేదట." వారం తిరక్కుండా ఊళ్ళో మాటంతా ఇదే. నేను కాదనలేదు. నోటితో అబద్ధం ఆడలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గులేని మాట, ఒప్పుకుంటున్నాను.

అంత్యక్రియలకి ఊలీపీకా వచ్చి చర్చిలో చివరి బల్ల మీద కూర్చుంది. మా ఆవిడ లేచి వెళ్ళి, "నువ్వు పంపిస్తే వచ్చిన పెట్టె ఇది. చూశావుగా, ఇంక వెళ్ళు," అంది. ఊలీపీకా వెళ్ళిపోయింది. ఆ నెలలోనే ఎవరో ఆవిడ కిటికీ మీద రాయి వేశారు. ఆవిడ మంచు మీద నడుపుకునే బండి బెల్టు కోసేశారు. ఎవరన్నది నాకు తెలుసు, చెప్పను.

ఇంక మూటాముల్లె సర్దుకుని పోతుందనుకున్నాం. పోలేదు. పగిలిన కిటికీకి అట్ట కొట్టుకుని, మర్నాడు పొద్దున్నే నడిచి పనికొచ్చింది. సెలవు పెట్టి దక్షిణానికి వెళ్ళి కళ్ళు చూపించుకుని వచ్చింది. అప్పట్నుంచి గంటకి ఒకసారి కాదు, రెండుసార్లు మూడుసార్లు బయటికొచ్చి ట్యాంకుల వైపు చూసేది. అదంతా నన్ను దెప్పడానికే చేస్తోందనుకున్నాను. నా అబద్ధం ఆవిడకి తెలుసు, తెలిసీ నోరు మెదపకుండా నన్ను లోపల్లోపల కుళ్ళబెడుతోంది అనుకున్నాను. దాంతో ఒళ్ళు ఇంకా మండేది. రెండేళ్ళు ఒకే గది ముందు పని చేశాం. నేను ఆవిడతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

పోయిన జులైలో మా అమ్మాయి సాటా పురిటికి దక్షిణానికి వెళ్ళింది. ఆడపిల్ల. నివియాక్ అని పేరు పెట్టాం. పోయినవాళ్ళ పేరు పెట్టామంటే ఆ మనిషే తిరిగి వచ్చినట్టు మాకు. ఆ పసిగుడ్డు ఏడుపు ఫోనులో విని, "అమ్మా, తొందరగా ఇంటికి రా," అన్నాను. నా వయసు యాభై ఆరు. వెక్కి వెక్కి ఏడ్చాను.

వాళ్ళు వచ్చే రోజున సముద్రం మీద మంచు పగులుతోంది. ఆ చలికీ ఎండకీ పొగమంచు లేచి రన్‌వే మీదికి పాకింది. ఈసారి సగం కాదు, ఊరు ఊరంతా వచ్చింది. విమానం చప్పుడు వినబడగానే పాలికార్ప్ బావ ముందుకొచ్చాడు.

"నివియాక్‌ని ఒకసారి వెనక్కి పంపింది చాలు," అన్నాడు అందరికీ వినబడేలా. "ఈసారి ఆ గుడ్డిదాన్ని నమ్మేది లేదు. బర్నబే చూసి చెప్తాడు. చెప్పరా!"

ఊలీపీకా బయటికి వచ్చింది. ఒకసారి చూసింది. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. మా బావతో తగువు పడుతుందనుకున్నాను. నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు చూడు బర్నబే," అంది. "అప్పుడు నీకు కనబడింది, నాకు కనబడలేదు. ఇవాళ నువ్వు ఏం చెప్తే అదే రాస్తాను."

ఎదురుగా తెలుపు తప్ప ఏమీ లేదు. ఆ తెలుపులో నేను కనుబొమ్మలు ఎత్తితే సాటా, పసిపిల్ల నేరుగా కిందికొస్తారు. ముక్కు చిట్లించాను.

జనంలోంచి ఒక్కసారిగా గోల లేచింది. "సరిగ్గా చూడరా వెధవా! అప్పుడు చూడలేదూ?" అని మా బావ నా భుజం పట్టి కుదిపాడు.

"కనబడ్డం లేదు," అన్నాను. అది చాలదని తెలుసు. "ఆ రోజు కూడా కనబడలేదు. ఏమీ కనబడలేదు. అబద్ధం ఆడాను."

మా ఆవిడ నా వైపు చూసి తల తిప్పేసుకుంది. ఊలీపీకా ముందు లోపలికి వెళ్ళి పైలట్‌కి చెప్పాల్సింది చెప్పింది. విమానం తిరిగిపోయింది. అప్పుడు బయటికొచ్చింది.

"మళ్ళీ చెప్పు," అంది.

"అమ్మ వచ్చిన రోజు నాకు ట్యాంకులు కనబడలేదు. నీకు తెలుసనుకున్నాను."

"నాకెలా తెలుస్తుంది?" అని అరిచింది. ఆవిడ అరవగా నేను ఎప్పుడూ వినలేదు. "నా కళ్ళ కన్నా నీ కళ్ళే నమ్మానురా నేను! ఒక ముసలమ్మ ఇంటికి రాకుండా పోయింది నా గుడ్డితనం వల్లే అనుకున్నాను. రెండేళ్ళు! రాయి వేస్తే వెయ్యనీ, నాకు తగిన శాస్తే అనుకున్నాను. డాక్టరు నీ కళ్ళు బాగానే ఉన్నాయంటే డాక్టర్నే నమ్మలేదు. ఇవాళ నువ్వు కనుబొమ్మ ఎత్తి ఉంటే దించేసేదాన్ని. తెలుసా నీకు? దించేసేదాన్ని!"

క్షమించమన్నాను. ఆవిడ నా కాళ్ళ దగ్గర ఉమ్మేసి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఊరి రేడియోకి ఎవరూ ఫోను చెయ్యలేదు. పాలికార్ప్ బావ మా ఇంటి మెట్ల దాకా వచ్చి, "రెండేళ్ళు మూసుకున్న నోరు ఇంకో రెండేళ్ళు మూసుకోలేకపోయావా? ఊరందరి మొహానా మసి పూశావు కదరా," అని తిట్టి పోయాడు. ఆవిడకి చేసిందానికి కాదు, బయటపెట్టినందుకు తిట్టాడు. మా ఆవిడ నాకు వేరే గదిలో పక్క వేసింది.

మర్నాడు పదకొండింటికి పొగమంచు విడిచింది. విమానం దిగింది. సాటా పిల్లల్ని వీపున మోసుకునే కోటు టోపీలోంచి పసిపిల్లని తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని ఎత్తుకుని రేడియో గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎందుకెళ్ళానో, ఏం అడుగుదామనుకున్నానో నాకే తెలియదు.

ఊలీపీకా తలుపు తీసింది. "నువ్వు బయటే ఉండు," అంది. పిల్లని మాత్రం నా చేతుల్లోంచి తీసుకుంది.

లోపల కుర్చీలో కూర్చుని పిల్ల మొహం మీది గుడ్డ పక్కకి జరిపింది. మేం మా పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మెల్లగా, మర్యాదగా మాట్లాడింది.

"నివియాకమ్మా," అంది, "ఆ రోజు నువ్వు పైన తిరుగుతుంటే కింద నిజంగానే ఏమీ కనబడలేదట. నాకూ నిన్ననే తెలిసింది."