ఎడమ పక్క గీతలు

నేను పుట్టుకతోనే పిరికిమందు తాగినవాణ్ని. హిందూపురంలో కార్లకు పాలిష్ చేసే షెడ్డు నడుపుతాను గానీ, కారు తోలుకుని రోడ్డు మీదికి పోవాలంటే అరచేతులు తడిసిపోతాయి. లైసెన్సు ఉంది. షెడ్డులోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి షెడ్డులోకి తోలడానికే అది పనికొస్తోంది. "ఊర్లో బండ్లన్నిటికీ తళుకు తెప్పిస్తావు, నీ పెండ్లాం పిల్లోళ్లను మాత్రం ఆటోలో పంపిస్తావు" అని నా భార్య ఎగతాళి చేస్తుంది. ఆమెతో పాటు నేనూ నవ్వుతాను. నవ్వే మనిషిలో భయం అంత సులభంగా బయటపడదు.

మా నాయన నాకు పూర్తిగా వ్యతిరేకం. పెనుకొండలో ఉంటాడు. వయసంతా స్టీరింగు వెనకే గడిపాడు. ఇప్పుడు ఒక పెద్ద నల్ల బండి పెట్టుకుని బాడుగలకు తోలుతున్నాడు. పెళ్లిళ్ల కాలంలో పట్టుచీరలకని ధర్మవరం పోయేవాళ్లందరికీ ఆ చుట్టుపక్కల ఆయన బండే. ఆడవాళ్లు చీరలు విప్పించి, మడిపించి, మళ్లీ విప్పించి తేల్చుకునేదాకా ఓపికగా వీధిలో కాచుకుని, అందరినీ ఇళ్ల దగ్గర దింపి వస్తాడు. ఆయన దేనికీ భయపడగా నేను చూడలేదు.

ఈ మధ్య నా మరదలికి పెళ్లి కుదిరింది. ఆదివారం నా భార్య, మా ఇద్దరు ఆడపిల్లలు, అత్తగారు, మరదలు అందరూ కలిసి ధర్మవరం పోవాలనుకున్నారు. సొంత బండి ఉండగా పరాయి బండి ఎందుకని నాయనకే చెప్పాం. ఆయన ఆ వారం మొదట్లోనే బండిని నా షెడ్డుకు తెచ్చి నిలిపాడు.

"పెండ్లోళ్లు ఎక్కే బండి ఇట్లుంటే ఎట్లప్పా? ఒగ గీత గూడా కనపడకూడదు" అన్నాడు. నాలుగడుగులు వేసి, మళ్లీ తిరిగి వచ్చాడు. "ఎడమ పక్క బాగా జెయ్యి. బాడుగకు వచ్చేటోళ్లు ఆ పక్క జూసి మొగం తిప్పుకోని పోతాండారు."

సరే అన్నాను. పోయిన వేసవిలో అమ్మ చనిపోయింది. అప్పటినుంచి ఆయన తన తిండీ బట్టా పట్టించుకోవడమే తగ్గించాడు, ఇక బండి సంగతి చెప్పేదేముంది అనుకున్నాను. ఆయన బస్టాండుకు నడిచి వెళ్లిపోయాడు.

నల్ల రంగంత చాడీకోరు రంగు ఇంకొకటి లేదు. తెల్ల బండి తన మీద జరిగినవన్నీ కడుపులో దాచుకుంటుంది. నల్లది మాత్రం ఎండలో నిలబెడితే చాలు, ఊరంతటికీ చెప్పేస్తుంది. మధ్యాహ్నం షట్టరు సగం దించి, షెడ్డు చీకటి చేసుకుని, చేతిలో లైటుతో బండి చుట్టూ తిరిగాను. బానెట్టు మీద, పైకప్పు మీద, కుడి పక్క తలుపుల మీద గుండ్రంగా సన్నగీతలు, సాలెగూడు అల్లినట్టు. అవి ఎట్లా వచ్చాయో నాకు తెలుసు. మా సీమ డ్రైవర్లందరికీ ఒకటే అలవాటు. పొద్దున్నే లేచి, నీళ్లు ఖర్చు చేయబుద్ధి కాక, పాత లుంగీగుడ్డతో పొడిగా దుమ్ము తుడుస్తారు. మాది దుమ్మా, సన్న ఇసుక కదా. ప్రేమగా తుడిచినకొద్దీ రంగు చెడుతుంది. అది నాకు రోజూ ఉండే పనే.

ఎడమ పక్కకు వచ్చి లైటు వేశాను, నా చెయ్యి ఆగిపోయింది. ముందు బంపరు మూల నుంచి వెనక లైటు దాకా, ఒకదాని మీద ఒకటి పడి, పొడుగ్గా గీతలు. అరచెయ్యి ఆనించేంత చోటు కూడా నున్నగా మిగల్లేదు. పక్క అద్దం వెనక డొప్ప గరుకుగా గీరుకుపోయింది. తలుపు రబ్బరులో ముల్లు ఒకటి విరిగి ఇరుక్కుని ఉంది. కంపముల్లు.

మా దారుల్లో ఎదురుగా బస్సు వస్తే ఎంతటివాడైనా ఎడమకు దిగి కంపచెట్లకు గీరుకోవలసిందే. అట్లా ఏ బండికైనా కొన్ని ఉంటాయి. కానీ పాత గీతలో మట్టి చేరి ఎర్రబారి ఉంటుంది. ఇవి చాలామటుకు తెల్లగా, కొత్తగా ఉన్నాయి. ఒకసారి బస్సుకు దారిచ్చిన బండి కాదు ఇది. దారి పొడుగునా కంపను రాసుకుంటూనే పోయిన బండి.

ముందు నాయన తాగుతున్నాడేమో అనుకున్నాను. ఆయనకు ఆ అలవాటు లేదు. అమ్మ లేని ఇంట్లో నిద్రపట్టక, తోలేటప్పుడు కునుకు తీస్తున్నాడేమో అనుకున్నాను. నాకు ఏదైనా ఒక్క భయం పట్టుకుందంటే దానికి పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు పుడతాయి. సాయంత్రానికి ఆ బండి ఎన్ని విధాల బోల్తా పడాలో అన్ని విధాలా నా కళ్ల ముందు పడింది. ప్రతిసారీ లోపల మా పాపలే ఉన్నారు.

రెండు రోజుల తర్వాత పని ఎంతవరకు వచ్చిందో చూడాలని నాయన షెడ్డుకు వచ్చాడు. బండికి ఎదురుగా నిలబడి బానెట్టులో తన మొహం చూసుకుంటున్నాడు. నేను టీ తెచ్చి ఆయన ఎడమ భుజం పక్కన నిలబడి గ్లాసు చాచాను. ఆయన తీసుకోలేదు. తల కూడా తిప్పలేదు. నేను చాచిన చెయ్యి చాచినట్టే పెట్టుకుని నిలబడ్డాను. టీ వేడికి వేళ్లు కాలుతున్నాయి.

"టీ, నాయనా" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. మోచెయ్యి తగిలి గ్లాసు కిందపడింది. "వెనక నుంచి దొంగలాగ వస్తావేమప్పా!" అని కసిరాడు. నేను వెనక లేను. ఎడమ పక్కనే ఉన్నాను, ఆయన కంటికి ఆనలేదు.

అడగాలంటే భయం. జీవితమంతా నాకు ధైర్యం చెప్పిన మనిషిని నీ కన్ను సంగతేమిటని ఎట్లా అడగడం? అడగకుండా ఉండాలంటే అంతకన్నా భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను ఎప్పుడూ చేసే పనే చేశాను. నోరు మూసుకుని పాలిష్ మిషను పట్టుకున్నాను.

రంగు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. గీతలు పోవాలంటే మిషనుతో ఆ పొరనే కొంచెం కొంచెంగా అరగదియ్యాలి. ఎంత అరిగిందో కంటికి తెలియదు, పూర్తిగా పోయినాకే తెలుస్తుంది. నల్ల బండి మీద ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే తెల్లటి మచ్చ తేలి, మళ్లీ పెయింటు వేయించుకోవాల్సిందే. ఆ ఎడమ పక్క చేసినన్నాళ్లూ నాకు ఊపిరి సరిగా ఆడలేదు. తలుపు అంచులకు టేపు అంటించి, ముల్లు పీకేసి, ఒక్కో జానెడు చోటూ రుద్దాను. గీతలు ఒక్కొక్కటే మాయమవుతుంటే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మా నాయనకు ఏదో అవుతోందని ఆ బండి ఒక్కటే చెప్పింది, దాని నోరు నేనే మూసేస్తున్నాననిపించింది.

శనివారం ఆయన బండి తీసుకుపోవడానికి వచ్చాడు. అప్పటికి అది నీళ్లు నిండిన బావిలా నల్లగా నిగనిగలాడుతోంది. ఎడమ పక్కన చెయ్యి పెట్టి ఇటునుంచి అటు నిమిరి చూసుకున్నాడు. "మావోడు పనోడు" అన్నాడు. నేను నీళ్లు నములుతూ, "చక్రం దగ్గర ఏదో సద్దు వస్తాంది నాయనా, పెనుకొండ దాకా నేనూ వస్తా, విని చూస్తా" అని అబద్ధం చెప్పాను.

ముందు సీట్లో ఎక్కబోతే, "వెనక కూచ్చో, నిమ్మళంగా ఉంటాది" అన్నాడు. వినిపించనట్టు ఆయన ఎడమ పక్కనే కూర్చుని బెల్టు పెట్టుకున్నాను.

ఊరు దాటి పెనుకొండ దారి పట్టాం. కొంతసేపటికి కంపచెట్లు మొదలయ్యాయి. బండి మెల్లగా ఎడమకు జరిగింది. ఎదురుగా ఏ బండీ లేదు. రోడ్డంతా ఖాళీ. అయినా జరిగింది. నా పక్క తలుపు మీద గర్రుమని ముళ్లు గీసుకుపోయాయి. ఆ సద్దు నా వీపు మీద గీసినట్టే ఉంది. నిన్న సాయంత్రం దాకా నేను ఊపిరి బిగపట్టి రుద్దిన తలుపు అది. నాయన వైపు చూశాను. ఆయన మొహంలో ఏ కలతా లేదు. కూనిరాగం తీస్తున్నాడు.

"నాయనా, గీసుకుంటాంది" అన్నాను.

"ఊ" అన్నాడు.

ఇంకొంత దూరం పోయాక రోడ్డు వెడల్పు చేసేందుకని కంపంతా పీకేసిన చోటు వచ్చింది. ఎర్రమట్టి అంచు, అంతే. గీరుడు ఆగిపోయింది. ఆయన కూనిరాగమూ ఆగింది. స్టీరింగు మీద వేళ్లు బిగుసుకున్నాయి. వేగం తగ్గించాడు, కానీ బండి ఇంకా ఇంకా ఎడమకే పోతోంది. మట్టి అంచు మీద గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె నడుస్తోంది. నాకు మోపు కనిపించింది, మడమలు కనిపించాయి, ఆమె చీర అంచు కూడా కనిపించింది. ఆయన చూస్తాడని ఎదురుచూశాను. చూడలేదు.

"నాయనా! మనిషి!" అని అరిచి స్టీరింగు పట్టుకుని కుడికి లాగాను. పక్క అద్దం గడ్డిమోపుకు తగిలి దాన్ని పడేసింది. బండి అడ్డదిడ్డంగా పోయి ఆగింది.

తలుపు తీసుకుని దిగాను. ముసలామె కింద పడలేదు. ఆమెకు ఏమీ కాలేదు. మోపు మాత్రం రోడ్డంతా చెదిరింది. "కండ్లు కనపడల్యా మీకు?" అని తిడుతూనే ఉంది. నేను గడ్డి ఏరి, మోపు కట్టి, ఆమె నెత్తికి ఎత్తాను. అది చూసి ఆమే తిట్లు ఆపేసి, "పోనీలే నాయనా, పో" అని తన దారిన పోయింది.

తిరిగి వచ్చి కూర్చున్నాను. నాయన ఇంజను ఆపేశాడు.

"ఎడమ కన్ను పోయింది" అన్నాడు. "శానా దినాలాయె. పోయింది రాదు, ఉండేదాన్ని కాపాడుకో అని డాక్టరు జెప్పినాడు. కుడిదాంతో గూడా ఆ పక్క సరిగా ఆనదు."

"ఎవురికీ జెప్పల్యా?"

"మీ అమ్మకు తెల్సు. ఆ సీట్లో కూచ్చోని జెప్తాండె. సైకిలొస్తాంది, ఎనుము నిలబడుండాది, బడిపిల్లోళ్లు పోతాండారు, అట్ల. నేను తోల్తాంటి."

అమ్మ ప్రతి బాడుగకూ ఆయన వెంట పోయేది. మొగుణ్ని ఒంటరిగా వదల్దని ఊరంతా నవ్వేవాళ్లు, నేను కూడా నవ్వేవాణ్ని. ఆమె దారిపొడుగునా నోరు మూయదని విసుక్కునేవాణ్ని కూడా.

"అమ్మ పోయినంక?" అన్నాను.

ఆయన రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "కంపకు ఆనిచ్చి తోల్తాండా. బండికీ కంపకీ నడుమ మనిషి పట్టడు గదప్పా. అది గీరుకుంటాంటే ఆ పక్క ఎవురూ లేరని గుర్తు. ఆ సద్దు వింటాంటే నిమ్మళంగా ఉంటాది. అది ఆగిపోతేనే నాకు భయం."

మా నాయన నోట భయం అన్న మాట వినడం అదే మొదటిసారి. షెడ్డులో నేను ఒక్కొక్కటే చెరిపేసిన గీతలన్నీ ఆయన దారి తడుముకున్న గుర్తులు. వాటిలో ప్రతి ఒక్కటీ ఒక మనిషి తగలకుండా పోయినచోటు. లెక్కపెట్టాలనిపించలేదు.

"రేపు పాపలు ఎక్కుతారు గద నాయనా. ఏమనుకుంటివి మళ్ల?"

"కోడలు ముందర కూచ్చుంటాది, ఏదో ఒగటి మాట్లాడతానే ఉంటాది, అది చాల్లే అనుకుంటి." తాళంచెవి పీకి నా ఒళ్లో వేశాడు. "పాపల్ని బస్సులో తీస్కపో. నాకియ్యద్దు ఇది. అడిగినా ఇయ్యద్దు."

ఆయన దిగి, బండి ముందు నుంచి నడిచి, నా వైపు తలుపు తీసి నిలబడ్డాడు. మా ఇద్దరిలో బండి తోలాల్సింది ఎవరో అప్పుడు తెలిసింది నాకు. నేను దిగి చుట్టూ తిరిగి స్టీరింగు ముందు కూర్చున్నాను. సీటు ఇంకా వెచ్చగా ఉంది. ఇంత పెద్ద బండిని రోడ్డు మీద నేను ఎప్పుడూ తోలలేదు. ఏడుపొకటే తక్కువ. గేరు వేశాను, ఇంజను ఆగిపోయింది. మళ్లీ వేశాను. కదిలింది.

నాయన అమ్మ సీట్లో కూర్చుని, ఉన్న ఒక్క కన్నుతో నా వైపుకూ రోడ్డు వైపుకూ చూస్తున్నాడు. కొంచెం దూరం పోయాక మొదలుపెట్టాడు. "లారీ వస్తాంది అప్పా. ఆ ఎనక బస్సు. కుడి పక్కన కుక్క ఉండాది, సూస్కో." ఆయన చెప్పేవన్నీ నాకు ముందే కనపడుతున్నాయి. ఎడమ పక్క సంగతి ఒక్కటీ ఆయన చెప్పలేడు. అయినా పెనుకొండ వచ్చేదాకా ఆయన ఆపలేదు, నేనూ ప్రతిదానికీ "సరే నాయనా" అంటూనే తోలాను.