మిద్దె కోసం కట్టిన మంద

పెనుకొండకు ఐదు మైళ్ల దూరంలోని కొత్తకుంట్లపల్లిలో, పల్లెవాళ్ల కోసం సర్కారు తెరిచిన చిన్న ప్రయోగశాల అయిన విజ్ఞాన మందిరంలో, ఉలిగమ్మకు సర్కారు చెప్పిన పని ఊడ్చడం, నీళ్లు మోయడం. ఆమె చేసే పని వేరు. తాడిమర్రి వైపు నుంచి కూడా గొర్రెల కాపరులు ఆకులో పెంటికలు పొట్లం కట్టుకుని వచ్చేవారు. ఆమె వాటిని నీళ్లలో కలిపి, వడగట్టి, గాజు పలక మీద చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూసేది. కార్జాన్ని తినే పురుగు గుడ్లు ఉన్నాయో లేవో చెప్పేది. అక్షరం ముక్క రాని మనిషి! 'పెంటికల ఉలిగమ్మ' అని నవ్వేవాళ్లు కొందరు. నవ్వినవాళ్లే తమ గొర్రె మేత మానేస్తే పొట్లం పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు.

1958లో ఆమె ఇంటి గొర్రెలకు దవడ కింద నీరు దిగింది. మొక్కని దేవత లేదు. నలభైలో పన్నెండు మిగిలాయి. ఆ దిగులుతోనే మొగుడు మంచం పట్టి పోయాడు. ఆ తర్వాత కొత్తగా తెరిచిన మందిరానికి అధికారిగా వచ్చిన నాగరాజు ఆమెకు సూక్ష్మదర్శిని అద్దంలో ఆ గుడ్లు చూపించాడు. చెరువు అంచున, నత్తలుండే తడిలో మేపొద్దన్నాడు. మిగిలిన పన్నెండూ బతికాయి. ఆమె ఆ మందిరంలోనే పనికి కుదిరి, ఆయన దగ్గరే అద్దంలో చూడటం నేర్చుకుంది.

"ఈ అద్దం ఒక్క ఏడు ముందొచ్చింటే మా ఇంటాయన ఉండేటోడు సార్" అనేది ఉలిగమ్మ.

1963 ఎండాకాలంలో మందిరం మట్టిమిద్దె దూలాలు పగిలాయి. రెండు గదులదీ ఒకటే గతి. మరమ్మతు ఊరివాళ్లే చేయించుకోవాలనీ, వానలలోపు కాకపోతే సామాన్లన్నీ హిందూపురం తరలిస్తామనీ పైనుంచి ఉత్తరం వచ్చింది. నాగరాజు రసీదు పుస్తకం చంకన పెట్టుకుని హిందూపురం బెల్లం మండీలూ, ధర్మవరం చీరల అంగళ్లూ తిరిగాడు.

"దేవళానికైతే బండ మీద పేరు చెక్కిస్తారు. మీ కాడ యాడ చెక్కిస్తారు సార్?" అన్నాడొక షావుకారు.

కావలసింది మూడు వందలు. మూడు వారాలు తిరిగితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు నలభై రూపాయలు వచ్చాయి.

"దుడ్లు అడిగితే ఎవురిస్తారు సార్? మందలు అడుగుదాం" అంది ఉలిగమ్మ.

ఎండాకాలం రాత్రిళ్లు రైతు పొలంలో గొర్రెలను నిలిపితే ఆ ఎరువుకు కాపరికి కూలి ముడుతుంది. పది రాత్రుల కూలి మిద్దెకు వదులుకొమ్మని ఆమె కాపరులను అడిగింది. ఆ మందలను తన మళ్లలో నిలిపించుకుని కూలి మిద్దెకే ఇమ్మని, చెరువు కింద మళ్లున్న రుక్మిణమ్మను కూడా అడిగింది.

"నా మళ్లకు ఎరువు, మీ మిద్దెకు దూలం. వద్దనేకి నాకేమన్నా పిచ్చా?" అంది రుక్మిణమ్మ.

మొత్తం ఐదు వందల గొర్రెలు కుదిరాయి. అందులో మూడు వందలు ఆదెప్పవే. ఆయన ఉలిగమ్మ మొగుడికి సొంత అన్న.

ఉలిగమ్మ ఒకటే షరతు పెట్టింది. చెరువు కిందికి వచ్చే ప్రతి మంద పెంటికలూ ముందు చూడాలి. రోగం మంద అక్కడ పడుకుంటే, వానకు ఆ గుడ్లు నీళ్లలో కలిసి, నత్తలకు చేరి, మరుసటి ఏడు ఊరి గొర్రెలన్నిటికీ అంటుకుంటాయి. ఆ షరతే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది.

ఆదెప్ప పొట్లంలో గుడ్లు కనిపించాయి. ఇంకో చుక్క వేసింది. అందులోనూ ఉన్నాయి. నాగరాజు ఊళ్లో లేడు, చూసింది తనొక్కతే. లేవు అని ఒక్క మాటంటే మిద్దె నిలుస్తుంది. ఆ ఆలోచన ఆమెకు రాలేదని చెప్తే నేను అబద్ధం చెప్పినట్టే.

"బావా, ఉండాయి" అంది. "మందు పోయించు. నీ మంద ఆడికి తోలొద్దు."

"నీ మిద్దెకని నేనొస్తే, నా గొర్రెలకే రోగమని పేరు పెడతాండావా?" అని ఆదెప్ప తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలమంతా ఆమె గడప తొక్కలేదు.

మిగిలిన రెండు వందల గొర్రెల కూలికి ఒక్క గది దూలమే వచ్చింది. అద్దం ఉన్న గదికి దాన్ని వేయించారు. ఉలిగమ్మే మిద్దెక్కి వాన దిగకుండా చౌడుమన్ను పరిచింది. రెండో గది ఖాళీ చేసి తాళం వేశారు. జ్యేష్ఠంలో తొలి వానకే దాని కప్పు కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆమె ఆ మట్టికుప్ప ముందు కూర్చుని ఏడ్చింది.

"నా చేతులతో నేనే కూలగొట్టినట్లుండాది సార్" అంది.

పైఅధికారి వచ్చి చూశాడు. ఉన్న గది గట్టిగానే ఉంది కాబట్టి సామాన్లు ఇక్కడే ఉండనిమ్మన్నాడు.

రెండు నెలలకు ఆదెప్ప ఆకు పొట్లంతో వచ్చి మందిరం గుమ్మంలో నిలబడ్డాడు.

"మందు పోయించినా. మల్లా సూడు."

ఆమె మూడు చుక్కలు వేసి చూసింది. "ఈ తూరి లేవు బావా."

ఆదెప్ప తలూపి వెళ్లబోయాడు. నాగరాజు ఉండబట్టలేక అడిగేశాడు. "ఏమప్పా ఆదెప్పా, ఆ పొద్దు నమ్మలేదు. ఈ పొద్దు ఒక్క మాటకే నమ్మేస్తివే?"

ఆదెప్ప కూలిన గది వైపు చెయ్యి చూపించాడు.

"లేవని అబద్ధం చెప్పింటే అది నిలిచేది గదా సార్. ఆయమ్మ చెప్పలే. ఇంక నాకేం అనుమానం?"

మరుసటి ఎండాకాలం రుక్మిణమ్మ మళ్లలో ఆదెప్ప మంద పది రాత్రులు పడుకుంది. ఆ కూలితో రెండో గదికి దూలం వేశారు.