ఎడమచేతి గంట్లు

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. చిన్నప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నా బతుకంతా మందులు కలపడంతోనే సరిపోయింది. ఏది ఎంత కలిపితే ఏమవుతుందో అదే అవుతుంది, అది తప్ప ఇంకేదీ జరగదని నా గట్టి నమ్మకం. దానికి లొంగనిది నా జీవితంలో ఒక్కటే జరిగింది. అదీ మిట్టమధ్యాహ్నం, నలుగురూ ఉన్నచోట.

కర్నూలు రాజధాని అయిన కొత్త. ఊళ్ళో ఎక్కడ చూసినా ఆఫీసుల గుడారాలు. నేను అక్కడి ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్చుకోవడం అప్పుడే ముగించాను. మద్రాసులో ఒక పెద్దాసుపత్రిలో చేరితే మందులు స్వయంగా తయారుచేసే పని, సూదిమందుల పని, అన్నీ నేర్చుకోవచ్చు. వద్దనుకుంటే కోయిలకుంట్ల పక్కన ఒక పల్లె ఆసుపత్రిలో వెంటనే ఉద్యోగం. ఏది పట్టుకోవాలో తేలక కొట్టుకుంటున్నాను.

నా భార్య రమణమ్మ పెళ్ళయినప్పటి నుంచీ కడపలో వాళ్ళ అన్న ఇంట్లోనే ఉండేది. నాకు మద్రాసు మీద ఆశ. తనకు ఒక్కటే కోరిక.

"ఇంగా ఎంత సదువుతావు? యాడో ఒకచోట మన పొయ్యి మనం పెట్టుకుందాం. నాకు శానా ఏమీ వద్దు" అంది.

ఆ మాట తీసెయ్యలేక, ఉద్యోగం ఎలా ఉంటుందో చూసి వద్దామని బస్సెక్కి ఆ పల్లెకు పోయాను. అంతకుముందు ఆ ఊరి మొహం చూసినవాణ్ణి కాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మందునీళ్ళకు రోగులే ఇంటి నుంచి సీసా తెచ్చుకునేవాళ్ళు. పూటకు ఎంత తాగాలో తెలియడానికి మేము సన్నటి కాగితం ముక్క అంచున గంట్లు కత్తిరించి సీసాకు అంటించేవాళ్ళం. నాది ఎడమచేతి వాటం. అందుకని నా గంట్లు అందరివాటికీ ఎదురు దిక్కుకు వాలి ఉండేవి. కర్నూల్లో వీటి కోసం నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు.

ఆసుపత్రి వసారాలో డాక్టరుగారి కోసం నిలబడి ఉంటే, వరసలో ఉన్న ఒక ముసలమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చింది. చేతిలో నీలం సీసా.

"యాడికి పోయినావప్పా ఇన్ని దినాలు? ఈ మందే మళ్ళా ఇయ్యి" అంది.

నేను ఈ ఊరికి కొత్తమ్మా అన్నాను. ఆమె వినిపించుకోలేదు.

"మీ రమణమ్మ పోయినప్పట్నించి నువ్వు మనిషివే కాకుండా పోతాండావు. ఏం జేస్తాం, తినాల, బతకాల" అంటూ సీసా నా చేతిలో పెట్టింది.

సీసా మూతి దగ్గర గాజులో ఒక బుడగ ఉంది. అంటించిన కాగితం ఏళ్ళనాటిదై పసుపురంగుకు తిరిగింది. గంట్లు ఎదురు దిక్కుకు వాలి ఉన్నాయి. తన చేతిరాతను ఎవరైనా గుర్తుపట్టినట్టే వాటిని గుర్తుపట్టాను. అవి నావి.

ఆమెకు మతి సరిగా లేదయ్యా, పట్టించుకోకు అన్నారు అప్పుడే వచ్చిన డాక్టరుగారు. ఆమెకు మతి లేకపోతే కాగితానికి ఏమొచ్చింది? సీసా ఆమెకే ఇచ్చేసి తిరుగు బస్సెక్కాను.

ఆ ఊళ్ళో కాపురం పెడితే రమణమ్మ నాకు దక్కదు. నాకు అర్థమైంది అంతే. ఏదీ నమ్మనివాణ్ణి, భయపడటం మాత్రం బాగా భయపడ్డాను. కడపకు వెళ్ళి, మద్రాసుకే పోతానని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. రమణమ్మ ఏడవలేదు. "సరే, పో" అని నా చొక్కాలు మడిచి పెట్టెలో సర్దింది.

నా చదువు సగంలో ఉండగా కడప నుంచి తంతి వచ్చింది. జ్వరమట. నేను రైలు దిగి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. ఆమె కడపలో జ్వరంతో కాలిపోతుంటే, నేను మద్రాసులో జ్వరాలకు మందులు కలపడం నేర్చుకుంటున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఈ రోజుకీ అన్నం సయించదు.

మళ్ళీ మద్రాసు గడప తొక్కబుద్ధి కాలేదు. ఎక్కడైనా సరే ఉద్యోగం ఇమ్మని అడిగాను. ఆ పల్లెకే వేశారు. కాదనడానికి కూడా నాలో ఓపిక లేదు.

చేరిన కొద్దిరోజులకు అదే ముసలమ్మ వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది.

"కొత్తగా వచ్చినావా అప్పా? యా ఊరు మీది?"

ఇదివరకు నన్ను చూశావు కదమ్మా అన్నాను.

"యాడ? నిన్ను నేనెప్పుడూ చూళ్ళేదే" అంది. మతి నిక్షేపంగా ఉంది.

కొంగు చాటు నుంచి సీసా తీసింది. నీలం సీసా, మూతి దగ్గర బుడగ. సంతలో కొత్తగా కొన్నదట. దాని మీద ఇంకా ఏ కాగితమూ లేదు.

కుడిచేత్తో కత్తిరిద్దామని చూశాను. కాగితం చిరిగింది. ఇంకొకటి తీసుకుంటే అదీ చిరిగింది. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. చివరికి కత్తెర ఎడమచేతికి మార్చుకుని, గంట్లు పెట్టి, అంటించి ఇచ్చాను. ఆమె సీసా ఎండకు ఎత్తి చూసుకుని, సంతోషంగా వెళ్ళిపోయింది.

ఇదెలా జరిగిందో నాకు తెలియదు. విన్నవాళ్ళు తలా ఒకటి చెబుతారు, ఏదీ అతకదు. ఆ సీసా ఆమె ఇంటి గూట్లో ఉండేది. కాగితం ఏడాదికేడాది మెల్లగా పసుపెక్కుతూ వచ్చింది.

నన్ను తినేసేది ఇంకొకటి ఉంది. రమణమ్మ పోయిందని మాత్రమే ఆ రోజు ఆమె చెప్పింది. ఎక్కడ పోయిందో చెప్పలేదు. నేనూ అడగలేదు.