మూడో నెల నిండేదాకా

ఎవరన్నా తన మీద జాలిపడితే సుప్రజకి చెప్పలేనంత విసుగు. పిల్లల్లేరన్న బాధ ఉంది. అది తన బాధ, ఎలాగో మోస్తుంది. ఊరంతా వచ్చి దాన్ని తలా ఒక చెయ్యి వేసి తడిమి చూడటమే ఆమెకి పడదు.

మోపిదేవికి దగ్గర్లోనే వాళ్ల ఊరు. భర్త రాజీవ్‌కి రొయ్యల చెరువుంది, పగలంతా అక్కడే ఉంటాడు. సుప్రజ అవనిగడ్డలో ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి టీచరు. పొద్దున్నే వంట, బస్సు, పిల్లల మీద అరిచి గొంతు పోగొట్టుకోవడం, మళ్లీ బస్సు. పెళ్లయి ఏడెనిమిదేళ్లవుతోంది. కొన్నేళ్ల కిందట ఒకసారి నెల తప్పింది. అత్తగారు వెంకటరత్నమ్మ ఆ సంతోషం దాచుకోలేక, పాలు పోసే మనిషి దగ్గర్నుంచి మోపిదేవి గుళ్లో పక్కన నిలబడ్డావిడ దాకా అందరికీ చెప్పేసింది. రెండో నెలలోనే పోయింది. కడుపు శుభ్రం చేయించారు. ఆ తర్వాత చాలా రోజులు చలిజ్వరం వదల్లేదు. ఆ జ్వరంలోనే పరామర్శలు. ఒకావిడ బొప్పాయి తిన్నావా అంది. ఒకావిడ బస్సులో వెనక సీట్లో కూర్చున్నావా అంది. ఇంకొకావిడ వయసుందిలే అని, మళ్లీ తనే వేళ్ల మీద లెక్కేసుకుని, "మరీ అంత లేదులే" అని టీ తాగి వెళ్లింది.

అందుకే ఈసారి టెస్టు కిట్టులో రెండు గీతలు కనపడగానే వెంకటరత్నమ్మ ముందు వెళ్లి వీధి తలుపు గడియ వేసొచ్చింది.

"మూడో నెల నిండేదాకా ఈ మాట గడప దాటకూడదు. మీ అమ్మకి కూడా చెప్పకు. పోయినసారి నా నోరే కొంప ముంచింది."

"మరి డాక్టరుగారికి, అత్తయ్యా?"

"ఇప్పుడేం కనపడుద్దని? పైగా ఆ స్కాన్ సెంటర్లో పేర్లు రాసేది ఎవరు? మనూరి పిల్లేగా. నువ్వు బల్ల దిగేసరికి ఇక్కడ బారసాలకి వంటవాణ్ణి కూడా మాట్లాడేస్తారు."

సుప్రజ నవ్వింది. ఆమెకీ అదే నయమనిపించింది. ఎవరికీ చెప్పకపోతే, ఒకవేళ పోయినా ఎవరూ రారు. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

రెండు వారాలు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒక రోజు బోర్డు మీద కూడికలు రాస్తుంటే పొత్తికడుపులో ఎడమ పక్క గుచ్చినట్టయింది. సాయంత్రానికి మరకలు కనపడ్డాయి. ఎర్రగా కాదు, డికాషన్ రంగులో, పల్చగా. అత్తగారికి చెబితే ఆవిడ కాళ్ల కింద దిండు పెట్టి పడుకోబెట్టింది. దేవుడి గదిలోకి వెళ్లి మోపిదేవి స్వామికి ఇంకో మొక్కు మొక్కుకుంది.

పోయినసారి నొప్పి నడుమంతా, కడుపంతా పాకింది, నెలసరి నొప్పి లాగే. ఈసారి అలా లేదు. వేలు పెట్టి చూపించగలిగినంత చోటే, ఒక్క పక్కే. ఇదేదో తేడాగా ఉందని సుప్రజకి తోచింది కానీ, దాన్ని పట్టుకుని ఆలోచించే ఓపిక లేదు. పోయేదుంటే పోతుంది, ఎవరికీ తెలియకుండా పోతే చాలు అనుకుంది.

మర్నాడు నొప్పి పెరిగితే గిరిధర్‌ని పిలిచారు. ఊళ్లో జ్వరాలకీ దగ్గులకీ సూదిమందు వేసే ఆర్ఎంపీ ఆయన. వరండాలో మంచం మీదున్న సుప్రజ నాడి చూసి, వెంకటరత్నమ్మ వైపు తిరిగాడు.

"నెల ఏమన్నా తప్పిందా పిన్నిగారూ?"

సరిగ్గా అప్పుడే పక్కింటి అమ్మాజీ కరివేపాకు కోసమని ప్రహరీ గోడ మీద నుంచి తల పెట్టింది. వెంకటరత్నమ్మ గోడ వైపు చూసింది.

"అబ్బే, లేదండీ. గ్యాసు. రాత్రి పెసరట్లు తింది."

సుప్రజ కళ్లు మూసుకునే ఉంది. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. గిరిధర్ గ్యాసుకి ఇంజెక్షన్ చేసి, మజ్జిగ తాగమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు ఆదివారం. లేచేసరికి ఎడమ భుజం చివర పీకుతోంది. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త నయం. స్కూలు బ్యాగు మోసినందుకేమో అనుకుంది. అత్తగారు బామ్ రాసింది. కడుపుకీ భుజానికీ సంబంధం ఉంటుందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. కాసేపటికి విరేచనానికి వచ్చినట్టయి వెళ్లింది. ఏమీ కాలేదు. బయటికొచ్చి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కోబోతుంటే కళ్లకి చీకట్లు కమ్మాయి.

తెలివొచ్చేసరికి చుట్టూ ఆడవాళ్లు. అమ్మాజీ మొహాన నీళ్లు చల్లుతోంది. గిరిధర్ మళ్లీ వచ్చాడు. సుప్రజ ఒళ్లంతా చల్లటి చెమట, పెదాలు తెల్లగా పాలిపోయాయి. నాడి పట్టుకున్న గిరిధర్ మొహంలో రంగు మారింది.

"పిన్నిగారూ, ఇది గ్యాసు కాదు. నిజం చెప్పండి. నెల తప్పిందా?"

వెంకటరత్నమ్మ నోరు తెరిచింది. చుట్టూ చేరినవాళ్లని చూసింది.

ఇంక దాచే ఓపిక సుప్రజకి లేదు. "తప్పిందండీ. కిట్టులో కూడా వచ్చింది. ఎడం పక్కే పొడుస్తోంది. మరకలు కూడా కనపడ్డాయి. ఇప్పుడు భుజం లాగుతోంది."

"ఇది నా వల్ల అయ్యే పని కాదు," అన్నాడు గిరిధర్. "బందరు తీసుకెళ్లండి, ఇప్పుడే. నేను ఫోన్ చేసి చెబుతా."

అమ్మాజీ కొడుకు శివరామకృష్ణ కారు తీశాడు. రాజీవ్ చెరువు మీద నుంచి బురద కాళ్లతోనే బండి మీద వచ్చి, చల్లపల్లి దగ్గర కారెక్కాడు. దారి పొడుగునా అతను, "సుప్రజా, నిద్రపోకు" అంటూనే ఉన్నాడు. ఆమెకి నిద్ర తప్ప ఇంకేమీ వద్దనిపించింది.

బందరు ఆసుపత్రిలో డాక్టర్ ఉమాశ్రీ స్కాన్ చూస్తూనే థియేటరు సిద్ధం చెయ్యమంది.

"గర్భసంచి ఖాళీగా ఉందమ్మా. పిండం పక్క ట్యూబులో నిలబడింది. పెరిగేసరికి ఆ ట్యూబు పగిలింది. కడుపులో రక్తం నిండుతోంది."

"బిడ్డని తీసి సంచిలో పెట్టలేరా అమ్మా?" వెంకటరత్నమ్మ చేతులు జోడించి అడిగింది.

"కుదరదమ్మా. అక్కడ నిలిచింది బతకదు. ఇప్పుడు మీ కోడల్ని దక్కించుకోవాలి."

దక్కించుకున్నారు. ఎడమ ట్యూబు తీసేశారు, రక్తం ఎక్కించారు. రెండు రోజులకి సుప్రజ మాట్లాడగలిగే స్థితికొచ్చాక, డాక్టరమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"కిట్టు కడుపొచ్చిందనే చెబుతుంది, ఎక్కడ నిలిచిందో చెప్పదు. అది చెప్పేది స్కానే. కడుపులో కారిన రక్తం పైన ఊపిరితిత్తుల కింది పొరకి తగిలితే భుజం లాగుతుంది. ఇలా ఎందుకైందని అడిగితే, అప్పట్లో నీకొచ్చిన జ్వరం ఇన్ఫెక్షనై ట్యూబుని పాడుచేసి ఉండొచ్చు. ఏ కారణం లేకుండా కూడా వస్తుంది. మొదటి నొప్పికే వచ్చుంటే, ఒక్కోసారి మందుతోనే కరిగించేస్తాం, కోత లేకుండా. ఇంకో ట్యూబు బాగుంది. మళ్లీ నెల తప్పితే మాత్రం వెంటనే రావాలి. ఒకసారి ఇలా అయినవాళ్లకి మళ్లీ అవకాశం ఎక్కువ. ఈసారి స్కాన్ ఎందుకు తీయించలేదు?"

వెంకటరత్నమ్మ గోడ వైపు తిరిగి ఫ్లాస్కు మూత బిగిస్తూ ఉండిపోయింది, బిగిసిపోయిన మూతనే.

ఇంటికొచ్చిన రోజు రాజీవ్ తల్లితో మెల్లగా అన్నాడు. "పోయినసారి లాగే పోయిందని చెప్పమ్మా, చాలు. ట్యూబూ గీబూ అంటే, ఇంక దానికి పిల్లలు పుట్టరని నలుగురూ నాలుగు మాటలంటారు." వెంకటరత్నమ్మ కోడలి మందుల సంచి తీసుకుని లోపలికెళ్లింది.

సాయంత్రం అమ్మాజీ ఇడ్లీలు పట్టుకొచ్చింది. లోపల గదిలో పడుకున్న సుప్రజ ఆ గొంతు వినగానే దుప్పటి మొహం మీదికి లాక్కుంది. మళ్లీ మొదలు, అనుకుంది.

"ఇంతకీ ఏమైందొదినా?"

"గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచింది. పగిలింది. పిల్ల చావు దాకా వెళ్లొచ్చింది," అంది వెంకటరత్నమ్మ. "ముందు రోజే గిరిధర్ అడిగాడు నెల తప్పిందా అని. నేనే లేదన్నా. నువ్వు గోడ దగ్గరున్నావని."

"నేను కరివేపాక్కొచ్చానొదినా."

"తెలుసులే. తప్పు నీది కాదు." ఇడ్లీల గిన్నె అందుకుంది. "మీ కోడలు తనూజకి విశేషమేనా?"

"అబ్బే, దానికేముంది, ఇంకా ఏం లేదొదినా..."

"నాకు లేదనే చెప్పు, నాకెందుకు. డాక్టరుకి మాత్రం లేదని చెప్పకు. ఒకసారి స్కాన్ తీయించు. ఒక పక్కే నొప్పొచ్చినా, మరక కనపడినా, భుజం లాగినా, కళ్లు తిరిగినా, గ్యాసని ఇంట్లో కూర్చోబెట్టకు."

అమ్మాజీ గొంతు తగ్గించి అంది. "ఆ స్కాన్ సెంటర్లో మనూరి పిల్ల ఉందిగా."

"ఉండనీ."

అమ్మాజీ వెళ్లిపోయాక వెంకటరత్నమ్మ మంచినీళ్లు పట్టుకుని లోపలికొచ్చింది. కుట్లు లాగకుండా కోడలి వీపు కింద చెయ్యి వేసి లేపింది.

"విన్నావా?"

"విన్నానత్తయ్యా."

"మళ్లీ నోరు జారాను."

సుప్రజ నీళ్లు తాగి గ్లాసు తిరిగిచ్చింది. "జారితే జారారులెండి," అని, నొప్పి లేని పక్కకి తిరిగి పడుకుంది.