నడుం దగ్గర గుడ్డ వదలని టైలర్ బాబాయ్

మొన్న మంగళవారం పొద్దున మా టైలర్ బాబాయ్ పోయాడని మసీదు మైకులో చెప్పినప్పుడు నేను ఇడ్లీ తింటున్నాను. మూడో ఇడ్లీ. నా భార్య వంటగదిలోంచి వచ్చి, "విన్నారా?" అంది. విన్నాను. చేతిలో ముక్క తిననూ లేదు, కింద పెట్టనూ లేదు. చెయ్యి ఎప్పుడు కడుక్కున్నానో, చొక్కా ఎప్పుడు తగిలించుకున్నానో తెలియదు, వాళ్ల గుమ్మం ముందు నిలబడి ఉన్నాను.

డెబ్బై తొమ్మిదేళ్లు. ముందురోజు సాయంత్రం దాకా మిషను తొక్కాడు. పడుకున్న మనిషి మరి లేవలేదు. అలాంటి చావు రావడం అదృష్టమని వచ్చినవాళ్లంతా అన్నారు. అన్న ప్రతివాడి మీదా నాకు కోపం వచ్చింది. అదృష్టం ఆయనది, సరే, మా సంగతేమిటి?

ఆయన నాకు చుట్టం కాదు. అద్దంకిలో నాకు విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. దానికి నాలుగు కొట్ల అవతల ఆయన కుట్టుమిషను. మా నాన్నకు స్నేహితుడు కాబట్టి ఊహ తెలిసినప్పటి నుంచి బాబాయ్ అనే పిలిచాను. కాజాలు కుట్టి గుండీలు పెట్టే ఆయన భార్య నాకు పిన్ని.

ఆయన దగ్గర కొలతలు ఇవ్వడమంటే మామూలు విషయం కాదు. ఆయన టేపు పట్టి అంకె చెబుతాడు, లోపల కూర్చున్న పిన్ని పుస్తకంలో రాసుకుంటుంది. పిన్నికి కొంచెం చెముడు. అందుకని మన నడుం ఎంతో పిన్నికంటే ముందు ఎదురుగా టీ బడ్డీలో కూర్చున్నవాళ్లకు తెలిసేది. పోనీ కాస్త పొట్ట లోపలికి లాక్కుందామా అంటే ఆయన ఊరుకోడు. "ఊపిరి వదలరా. పొట్ట బిగబట్టినోడికి కుడితే అన్నం తిన్నోడు ఎట్టా తొడుక్కుంటాడు?" అనేవాడు. అదీ ఎదురు బడ్డీకి వినపడేది.

నాలుగేళ్ల కిందట మా బావమరిది పెళ్లికి ఆయన ప్యాంటు కుట్టాడు. పెళ్లి ఇంకా వారం ఉందనగా వేసుకుని చూస్తే గుండీ పట్టలేదు. మిరప రైతులు కొట్టు మీద పడే రోజులు. కుర్చీలోంచి లేవకుండా, వచ్చినవాళ్లతో టీలు తాగుతూ, పకోడీలు తింటూ కూర్చున్న పుణ్యం అది. ప్యాంటు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"బాబాయ్, లోపల గుడ్డ ఉంటుందిగా, కాస్త విప్పి కుట్టు."

"గుడ్డ వదల్లా."

"వదల్లేదా? ఏ టైలరైనా రెండంగుళాలు వదులుతాడుగా!"

"నేనూ ఊరందరికీ వదుల్తా. నీకు కావాలనే వదల్లా."

నాకు ఒళ్లు మండింది. రెడీమేడ్ కొట్లు వచ్చి ఊళ్లో టైలర్లంతా ఈగలు తోలుకుంటుంటే, పాత అభిమానంతో కుట్టించుకోవడానికి వస్తే ఇదా మర్యాద అని అరిచాను. ఆయన అరవలేదు. పిన్నిని పాత పుస్తకం తెమ్మన్నాడు. అట్ట ఊడి, దారంతో కట్టిన పుస్తకం. ఒక పేజీ తీసి నా ముందు పెట్టాడు. పైన మా నాన్న పేరు. కింద ఒకదాని కింద ఒకటి నడుం కొలతలు. ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై తొమ్మిది, నలభై ఒకటి. చివరిది నలభై రెండు. దాని తర్వాత కాగితం ఖాళీ.

"మొన్న గుడ్డ ఇచ్చినప్పుడు నీది ఎంత వచ్చిందో తెలుసా? నలభై ఒకటిన్నర," అన్నాడు. ఆ ఒక్కసారే అంకెను మెల్లగా చెప్పాడు.

మా నాన్న యాభై రెండో ఏట కొట్లో కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయాడు. బీపీ, షుగరు. అప్పటికి నాకు నలభై తొమ్మిది నడుస్తోంది, అవే మందులు నా అరలోనూ ఉన్నాయి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ పైకి అనం.

"మీ నాన్నకి నాలుగుసార్లు విప్పి కుట్టా. వచ్చినప్పుడల్లా నవ్వుతా గుడ్డ వదిలా. ఒరేయ్, పెరుగుతున్నావురా అని ఒక్కమాట చెప్పలా. ఏమనుకుంటాడోనని," అన్నాడు. "నీకు మాత్రం వదల్ను. తిట్టుకుంటే తిట్టుకో."

బావమరిది పెళ్లికి పంచె కట్టుకుని వెళ్లాను.

ఇక అక్కణ్ణించి మొదలైంది ఆయన వైద్యం. అన్నం మానెయ్యమని, పొద్దున్నే లేచి పరిగెత్తమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. "మానినట్టు నీకే తెలియకూడదు, అట్టాంటిది ఒక్కటి చెప్పు" అనేవాడు. మొదట టీలో చక్కెర. రెండు చెంచాలు ఒకటిన్నర అయింది, రెండు నెలలకు ఒకటి అయింది. ఆ తర్వాత అర చెంచా. ఇప్పుడు ఎవరైనా రెండు చెంచాలు వేసి ఇస్తే పాయసం తాగినట్టుంటుంది.

తర్వాత బండి. మా ఇంటి నుంచి కొట్టుకి ముప్పావు కిలోమీటరు ఉండదు. అయినా నేను బండి మీదే వచ్చేవాణ్ణి. "మానొద్దు. నాలుగు కొట్ల ముందు ఆపి నడిచి రా," అన్నాడు. నెల తర్వాత ఇంకో నాలుగు కొట్లు. అలా నెలనెలా నా బండి వెనక్కి వెనక్కి పోయి, ఏడాదిన్నర తిరిగేసరికి మా గుమ్మంలోనే ఆగిపోయింది. ఇప్పుడు దాని మీద మా ఆవిడ వడియాల గుడ్డ ఆరేస్తోంది.

ఈ నిదానం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే బీడీల కథ చెప్పేవాడు. వయసులో ఉన్నప్పుడు రోజుకొక కట్ట తాగేవాడట. పిన్ని ఒక్క రోజులో మానమని ఒట్టు వేయించుకుంది. "ఆ రోజు రెండు కట్టలు తాగా" అని ఆయనే చెప్పేవాడు. ఆ తర్వాత నెలకొక బీడీ చొప్పున తగ్గించుకుంటూ వచ్చాడు. కట్ట అయిపోవడానికి రెండేళ్లు పట్టింది. ఆఖరి నెలలో రోజూ ఒక్క బీడీ కోసం ఇరవై నాలుగు గంటలు ఎదురుచూడ్డం నామోషీ అనిపించి మానేశాడట.

నాకు అంత ఓపిక ఎక్కడిది? రెండంగుళాలు తగ్గగానే నాకు నేనే డాక్టర్ని అనుకున్నాను. ఉప్పు తగ్గించమని గుంటూరులో అసలు డాక్టరు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాడు. మిరప కోతల రోజులు. మా ఖాతా రైతు ఒకాయన ఎర్రగా నిగనిగలాడే పండుమిరపకాయలు తెచ్చిచ్చాడు. మా ఆవిడ ఏడాది పచ్చడికి చింతపండు, ఉప్పు కొలిచి పెట్టుకుని, తొడిమలు తీయడానికి పెరట్లోకి వెళ్లింది. నేను ఆ ఉప్పులో సగం తీసి మళ్లీ డబ్బాలో పోసేశాను. ఏడాది పొడుగునా తినే ఉప్పు ఒక్క దెబ్బతో సగం చేశానని ఆ రోజంతా నాలో నేనే మురిసిపోయాను.

నెల తర్వాత జాడీకి కట్టిన గుడ్డ విప్పితే పచ్చడి కనబడలేదు, బూజు కనబడింది. తెల్లగా, దూది పరిచినట్టు. మా ఆవిడ అక్కడే చతికిలబడి ఏడ్చింది. తన చేతి పచ్చడి కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా చెడలేదు. "మీకు యాభై దాటిన ఏడాదే చెడింది. నాకు భయంగా ఉందండీ," అంది. పచ్చడి చెడిపోవడం అపశకునమని ఆమె భయం. ఆమె ఏ వయసును తలుచుకుని భయపడుతోందో నాకు తెలుసు. ఉప్పు తీసింది నేనేనని చెప్పలేక, తిన్నగా బాబాయ్ దగ్గరికి పోయాను.

ఆయన విని టేపు మెడలోంచి జారిపోయేలా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. పిన్నికి వినపడలేదని రెండోసారి చెప్పించాడు, గట్టిగా. ఎదురు బడ్డీ కూడా వింది.

"ఒరేయ్, జాడీకి బీపీ ఉందంట్రా? దానికి ఎంత కావాలో అంతా వెయ్యాల్సిందే. తగ్గించాల్సింది నీ కంచంలో. రెండు ముద్దలు కలుపుకునేవాడివి ఒకటిన్నర కలుపుకో. ఒకేసారి కోస్తే అది ప్యాంటు కాదు, నిక్కరు."

తర్వాత నన్ను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అమ్మాయ్, నీ చెయ్యి మంచిదే. దొంగచెయ్యి వీడిది," అని నన్ను మా ఆవిడకు అప్పజెప్పి, గుమ్మంలో నిలబడి నేను తిట్లు తినడం పూర్తిగా చూసి వెళ్లాడు. అంత తిట్టిన మనిషి ఆ పూట కడుపునిండా అన్నం తింది. అపశకునం కాదు, మొగుడి తెలివితక్కువతనమేనని తెలిసి ఆమెకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

నా తర్వాత ఇంకా చాలామంది ఆయన చేతికి చిక్కారు. టీ బడ్డీ అతను, మందుల షాపు అతను, పత్తి కొనే బ్రోకరు ఒకాయన. అందరికీ ఆయన పద్ధతి ఒకటే. కొందరు అలిగి రెడీమేడ్ కొట్టుకి వెళ్లారు, అక్కడ తమ కొలత దొరక్క వెనక్కి వచ్చారు.

మా నాన్న బతికింది యాభై రెండేళ్ల నాలుగు నెలలు. పోయిన ఏడాది ఒకరోజు కొట్టు తీస్తుంటే బాబాయ్ పిలిచి నిలబడమన్నాడు, టేపు తీశాడు. నేను కుట్టమని ఏమీ ఇవ్వలేదు కదా అన్నాను. "ఊరికే" అన్నాడు. ముప్పై ఏడున్నర. అరిచి చెప్పాడు. పిన్ని రాసుకుంది. ఆయన టేపు చుట్టుకుంటూ నా వంక చూసి, "నిన్నటితో మీ నాన్న కన్నా పెద్దోడివి అయ్యావు. ఇంక నిన్ను ఒరేయ్ అనగూడదేమోనండీ," అన్నాడు. ఆ వారమంతా నన్ను అండీ, గారూ అని పిలిచి వీధిలో తలెత్తుకోనివ్వలేదు. కానీ ఆ రోజును నాతోపాటు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న మనిషి ఒకడు ఉన్నాడని తెలిసి, కొట్లోకి పోయి ఎరువుల బస్తాల చాటున ఏడ్చాను.

మంగళవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆయన్ని తీసుకెళ్లాం. మసీదు నుంచి ఊరి చివర పత్తి మిల్లు అవతల ఉన్న ఖబరస్తాన్ దాకా రెండు కిలోమీటర్లకు పైనే. భుజాలు మార్చుకుంటూ నడిచారు. నాకూ ఇచ్చారు. మామూలుగా పదడుగులు వేసి వెనకవాడికి ఇచ్చేయాలి. నేను ఇవ్వలేదు. ఎండ మాడిపోతోంది, నాకు ఆయాసం రాలేదు. ఏడుపు వచ్చింది.

ముందు నడుస్తున్నవాళ్లను చూశాను. టీ బడ్డీ అతను, మందుల షాపు అతను, పత్తి బ్రోకరు, పేరు తెలియనివాళ్లు ఇంకా ఎంతోమంది. అందరూ వేసుకున్నవి ఆయన కుట్టిన పాత ప్యాంట్లే. సగం మందికి నడుం దగ్గర వదులై, బెల్టు కింద గుడ్డ ముడతలు పడి ఉంది. పొద్దున్నే గాభరాలో నేను బెల్టు పెట్టుకోవడం మరిచిపోయాను. ఒక చేత్తో బాబాయ్‌ని మోస్తూ, రెండో చేత్తో ప్యాంటు పైకి లాక్కుంటూ మిల్లు దాటి నడిచాను.